ఇంట్లో పాటల కోసం కంప్యూటర్: పై బోర్డా, మినీ పీసీనా, పాత ల్యాప్‌టాపా?

మంచి సౌండ్ కోసం కంప్యూటర్ మీద డబ్బు కుమ్మరించాల్సిన పని లేదు. వినిపించే తేడాలో సింహభాగం స్పీకర్లది, అవి ఉన్న గదిది. తర్వాత ఆంప్లిఫయర్‌ది. ఆ తర్వాత డ్యాక్‌ది, అంటే ఫైల్లోని అంకెల్ని విద్యుత్ తరంగాలుగా మార్చి ఆంప్లిఫయర్‌కు ఇచ్చే చిన్న పెట్టెది. కంప్యూటర్ చేయాల్సినవి మూడే పనులు: అంకెల్ని ఎక్కడా మార్చకుండా డ్యాక్‌కు అందించాలి, గదిలో చప్పుడు చేయకూడదు, ఎప్పుడు పాట పెట్టినా వెంటనే పలకాలి. కొన్ని వేల రూపాయల బోర్డు ఈ మూడూ చేయగలదు. ఫ్యాన్లు గిర్రున తిరిగే ఖరీదైన గేమింగ్ పీసీ రెండో దాంట్లోనే తప్పుతుంది.

నా సలహా ముందే చెప్తాను. సొంత ఫైళ్లు, సీడీలు ఉన్నవాళ్లు అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4, ఒక యూఎస్‌బీ డ్యాక్ తీసుకోండి. ఎక్కువగా యాప్‌లో వినేవాళ్లు ఫ్యాన్ లేని మినీ పీసీ తీసుకోండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంటే దానితోనే మొదలుపెట్టి, ఉన్న డబ్బు డ్యాక్ మీద, స్పీకర్ల మీద పెట్టండి. విడిభాగాలు కొని డెస్క్‌టాప్ బిగించుకోవడం చాలామందికి అనవసరం. అవసరమయ్యేవాళ్ల సంగతి కింద చెప్తాను.

పాటలు ఎక్కడున్నాయి?

మెషీన్ ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. బీరువాలో సీడీలు, హార్డ్‌డిస్క్‌లో ఏళ్లుగా పోగేసిన కచేరీలు ఉన్నవాళ్లకు సిస్టమ్ ఏదైనా ఫర్వాలేదు. లినక్స్ (విండోస్‌లాంటిదే, ఉచితంగా దొరికే సిస్టమ్) మీద నడిచే చిన్న బోర్డు హాయిగా సరిపోతుంది. నెలనెలా చందా కట్టి వినేవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లు వాడే యాప్ ఏ సిస్టమ్ మీద సరిగా నడుస్తుందో ఆ సిస్టమే కొనాలి. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్, అంటే ఏమీ పోగొట్టని నాణ్యత, ఇస్తోంది. కానీ దాని యాప్ విండోస్‌కు, మ్యాక్‌కు ఉంది గానీ లినక్స్‌కు లేదు. ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లేలో (ఆపిల్ వైర్‌లెస్ పద్ధతిలో) పై బోర్డుకు పంపొచ్చు, అయితే ఆ దారిలో హై-రెజ్, అంటే సీడీని మించిన నాణ్యత, రాదు. స్పాటిఫై ప్రీమియం ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. పై బోర్డుల్లో వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు స్పాటిఫై కనెక్ట్‌ను పలికిస్తాయి, ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది.

ఇంట్లో పాట పెట్టేది మీరొక్కరేనా అన్నది కూడా చూసుకోండి. అమ్మో నాన్నో పొద్దున్నే సుప్రభాతం పెట్టుకోవాలంటే మౌస్ పట్టుకుని సాఫ్ట్‌వేర్ తెరవాల్సిన ఏర్పాటు వాళ్లకు పనికిరాదు. ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే పలకాలి. ఈ విషయంలో ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న బోర్డును మించింది లేదు.

రాస్ప్‌బెర్రీ పై

పై 4 2019లో, పై 5 2023లో వచ్చాయి. పాటలకు పై 4 ధారాళంగా సరిపోతుంది. అంతకు ముందున్న పై 3లో యూఎస్‌బీ, నెట్‌వర్క్ కేబుల్ రెండూ ఒకే ఇరుకు దారి పంచుకునేవి. పై 4లో అవి వేరయ్యాయి, కాబట్టి నెట్‌వర్క్ నుంచి పెద్ద ఫైల్ లాగుతూ యూఎస్‌బీలో డ్యాక్‌కు పంపినా తడబడదు. బోర్డు మీదున్న హెడ్‌ఫోన్ జాక్‌ను మాత్రం నమ్ముకోకండి. దాని నాణ్యత అంతంతమాత్రం, పై 5లో అసలు దాన్ని తీసేశారు.

పై 5 కొంటే అడాప్టర్ దగ్గర జాగ్రత్త. దానికి 5 వోల్టులు, 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. మామూలు 3 ఆంపియర్లది పెడితే బోర్డు ఆన్ అవుతుంది, పాట కూడా వస్తుంది. కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకు మించి ఇవ్వదు. పోర్టబుల్ హార్డ్‌డిస్క్ తగిలించగానే అది తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, టిక్ టిక్‌మంటుంది. డిస్క్ పోయిందని కంగారు పడతాం. చాలాసార్లు దోషం అడాప్టర్‌దే.

మన ఊళ్లలో ఇంకో సమస్య కరెంటు కోతలు. పై బోర్డు మెమొరీ కార్డు మీద నడుస్తుంది. కార్డు మీద ఏదో రాస్తున్న సమయంలో కరెంటు పోతే ఫైళ్లు చెడిపోయి మర్నాడు బోర్డు లేవకపోవచ్చు. ఈ కారణంగానే, బోర్డును పాటల ప్లేయర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లలో నేను పైకోర్‌ప్లేయర్ వైపు మొగ్గుతాను. అది ఆన్ అవుతూనే మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి అక్కడే నడుస్తుంది, కార్డును దాదాపుగా ముట్టుకోదు. టీవీ ప్లగ్గు లాగేసినట్టు లాగేసినా దానికేం కాదు. పల్లెటూళ్లో అమ్మానాన్నల ఇంట్లో పెట్టి రావాలంటే ఇదే పెట్టండి.

పైకోర్‌ప్లేయర్ తానుగా పాటలు వెతకదు, లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వాయిస్తుంది. రెండూ ఒకే బోర్డులో ఉండొచ్చు. ఈ లిరియన్ వెనక పెద్ద కథే ఉంది. స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టెల కోసం మొదలైన సాఫ్ట్‌వేర్ అది. ఆ కంపెనీని 2006లో లాజిటెక్ కొంది, 2012లో ఆ పెట్టెల తయారీ ఆపేసింది. కోడ్ అందరికీ తెరిచి ఉండటంతో వాడుకునేవాళ్లే దాన్ని ఇప్పటిదాకా బతికించుకున్నారు. హాల్లో ఒక బోర్డు, పడగ్గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి పెట్టి, ఒకే పాట అన్ని గదుల్లో ఒకేసారి పలికించడంలో ఇప్పటికీ దీనికి పెట్టింది పేరు.

లినక్స్ అంటేనే భయపడేవాళ్లకు వాల్యూమియో అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే తేలిక, ఫోన్‌లో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కొన్ని సదుపాయాలకు చందా అడుగుతుంది. మూడోది మూడ్ ఆడియో, పూర్తిగా ఉచితం, సెట్టింగులు ఎక్కువ, ఓపికగా తెలుసుకుని వాడేవాళ్లకు బాగుంటుంది. ఒక కార్డులో ఒకటి, ఇంకో కార్డులో ఇంకొకటి ఎక్కించి రెండూ చూసుకోండి. కార్డు ఖర్చు తప్ప పోయేదేమీ లేదు.

బోర్డు మీద కూర్చునే హ్యాటా, విడిగా ఉండే యూఎస్‌బీ డ్యాకా?

పై బోర్డు పిన్నుల మీద నేరుగా బిగించే డ్యాక్ బోర్డుల్ని హ్యాట్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన హైఫైబెర్రీ వీటిలో బాగా తెలిసిన పేరు. అంతా ఒకే డబ్బాలో ఇమిడిపోతుంది, వైర్లు తక్కువ. చవక హ్యాట్లు సమయం లెక్కకు పై బోర్డు గడియారం మీదే ఆధారపడతాయి. డిజిటల్ పాటల శాంప్లింగ్ రేటు, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారన్న లెక్క, 44.1 కిలోహెర్ట్జ్ రెట్లలోనో 48 రెట్లలోనో ఉంటుంది; కాస్త మెరుగైన హ్యాట్లు ఒక్కో కుటుంబానికి ఒకటి చొప్పున సొంత గడియారాలతో వస్తాయి. హ్యాట్ కొంటే ఆ రెండు గడియారాలు ఉన్నదే కొనండి.

నా ఓటు యూఎస్‌బీ డ్యాక్‌కే. ఇప్పుడు వస్తున్న యూఎస్‌బీ డ్యాక్‌లు సాధారణంగా అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే వేగం నిర్ణయించేది కంప్యూటర్ కాదు, డ్యాక్ లోపలి గడియారం. కావాల్సినంత డేటా అది అడిగి తెప్పించుకుని, దాచుకుని, తన లెక్కన వాయిస్తుంది. అందుకే కంప్యూటర్ చవకదైనా నష్టం లేదు. పైగా రేపు పై బోర్డు వదిలి మినీ పీసీకి మారినా, ల్యాప్‌టాప్‌కు తగిలించుకున్నా ఈ డ్యాక్ పనికొస్తుంది. హ్యాట్‌కు ఆ వెసులుబాటు లేదు. టాపింగ్, ఎస్ఎంఎస్ఎల్, ఫియో, ఐఫై లాంటి కంపెనీలవి మన దేశంలో దొరుకుతున్నాయి. వీలైతే, వస్తున్న శాంప్లింగ్ రేటును అంకెల్లో చూపించే తెర ఉన్న మోడల్ తీసుకోండి. ఎందుకో విండోస్ దగ్గర చెప్తాను.

ఇక యూఎస్‌బీ కేబుల్‌కు వేలకు వేలు, ఆడియో కోసం ప్రత్యేకమని అమ్మే ఎస్ఎస్‌డీలు, నెట్‌వర్క్ స్విచ్‌లు: వీటి జోలికి పోవద్దు. ఫైల్ డిస్క్ నుంచి మెమొరీలోకి వచ్చాక అది ఏ డిస్క్ నుంచి వచ్చిందో డ్యాక్‌కు తెలియదు. ఆ డబ్బుతో మంచి కర్టెన్లు కొన్నా పాట బాగుపడుతుంది.

మినీ పీసీ

ఇంటెల్ ఎన్100 చిప్‌తో వస్తున్న చిన్న పీసీలు 2023 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చాయి. ఆ చిప్‌కు ఇంటెల్ చెప్పే విద్యుత్ లెక్క 6 వాట్లు. అందువల్ల ఫ్యాన్ లేకుండా, లోహపు డబ్బా ద్వారానే వేడిని వదిలేలా చేయడం సాధ్యమవుతోంది. అయితే ఎన్100 అని రాసున్నవన్నీ ఫ్యాన్ లేనివి కావు. చాలావాటిలో చిన్న ఫ్యాన్ ఉంటుంది, చిన్న ఫ్యాన్ కీచుమంటుంది. ఫ్యాన్‌లెస్ అన్న మాట స్పష్టంగా ఉంటేనే కొనండి. విజయవాడ ఎండల్లో మూసిన టీవీ యూనిట్ లోపల మాత్రం పెట్టకండి, గాలి తగిలే చోట ఉంచండి.

ఇంకో చవక దారి ఉంది. ఆఫీసుల్లో వాడి వదిలేసిన లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ లాంటి చిన్న పీసీలు రీఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. సికింద్రాబాద్‌లో సీటీసీ లాంటి చోట అడిగితే చూపిస్తారు. వీటికి ఫ్యాన్ ఉంటుంది, కానీ పాటల్లాంటి తేలిక పనికి అది నెమ్మదిగా తిరుగుతుంది. కొనే ముందు షాపులోనే ఆన్ చేయించి చెవి దగ్గర పెట్టి వినండి. గరగర అంటే ఫ్యాన్ బేరింగ్ పోయిందని అర్థం.

మినీ పీసీలో విండోస్ పెట్టుకుంటే అన్ని యాప్‌లూ నడుస్తాయి. కానీ విండోస్‌కు ఒక అలవాటుంది. వచ్చిన శబ్దాలన్నిటినీ ఒకచోట కలిపి, సెట్టింగుల్లో ఉన్న ఒకే రేటుకు మార్చి పంపుతుంది. ఈ-మెయిల్ టింగుమన్నా, పాట పలికినా అన్నీ ఒకే గిన్నెలోకి. సీడీ పాట 44.1 కిలోహెర్ట్జ్, విండోస్ సెట్టింగ్ 48 అయితే ప్రతి పాటనూ దారిలో తిరగరాస్తుంది. దీన్ని తప్పించడానికి సొంత ఫైళ్లకు ఫూబార్2000 వాడండి, ఉచితం. ప్రిఫరెన్సెస్‌లో అవుట్‌పుట్ దగ్గరకెళ్తే మీ డ్యాక్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని పక్కన ఎక్స్‌క్లూజివ్ అని ఉంటుంది. అది ఎంచుకోండి. ఇప్పుడు డ్యాక్ తెర చూడండి. సీడీ నుంచి తీసిన పాటకు 44.1 అని, 96 కిలోహెర్ట్జ్ ఫైల్‌కు 96 అని అంకె మారాలి. ఏ పాట పెట్టినా 48 దగ్గరే ఆగి ఉంటే మధ్యలో ఎవరో మారుస్తున్నట్టే. తెర ఉన్న డ్యాక్ కొనమన్నది ఇందుకే. ఊహలతో పనిలేకుండా కళ్ల ముందే తేలిపోతుంది.

మ్యాక్ మినీ గురించి కూడా అడుగుతుంటారు. నిశ్శబ్దంగా ఉంటుంది, గట్టి మెషీన్. కానీ అక్కడ ఆపిల్ మ్యూజిక్ పాటను బట్టి రేటును తనంతట తాను మార్చదు. మ్యాక్‌లో ఉండే ఆడియో మిడి సెటప్ అనే యాప్‌లోకి వెళ్లి చేత్తో మార్చాలి. ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడుకోండి. పాటల కోసమే కొనడం దండగ.

పాత ల్యాప్‌టాప్

ఖర్చు లేదు, తెర ఉంది, బ్యాటరీ ఇంకా బతికి ఉంటే కరెంటు పోయినా పాట ఆగదు. లోపలి ధూళి దులిపించి, హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయిస్తే చప్పుడూ తగ్గుతుంది. దీనితో వచ్చే తలనొప్పి ఒకటే, ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో వచ్చే గుయ్‌మనే శబ్దం.

దాన్ని ఇలా పట్టుకోండి. పాట ఆపి, వాల్యూమ్ పెంచి వినండి. ఛార్జర్ తీసేయండి. శబ్దం ఆగిపోతే అది ఛార్జర్, ఆంప్లిఫయర్ ఎర్త్ వైర్ల మధ్య తిరుగుతున్న కరెంటు. తగ్గకపోతే ఆంప్లిఫయర్‌కు తగిలించిన కేబుల్ టీవీ వైరో, సెట్‌టాప్ బాక్సో తీసి చూడండి. ముందు ల్యాప్‌టాప్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఒకే స్విచ్‌బోర్డు నుంచి ఇవ్వండి, చాలా ఇళ్లలో దీంతోనే సరిపోతుంది. అప్పటికీ పోకపోతే ఆప్టికల్ కేబుల్ తీసుకునే డ్యాక్, దానికో యూఎస్‌బీ నుంచి ఆప్టికల్‌కు మార్చే చిన్న కన్వర్టర్ వాడండి. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురే కాబట్టి ఎర్త్ కరెంటుకు దారి ఉండదు. కొందరు ఎలక్ట్రీషియన్లు ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయొద్దు. ఆ పిన్ను ఉన్నది షాక్ నుంచి కాపాడటానికి.

డెస్క్‌టాప్ ఎవరికి?

సీడీలు వందల్లో ఉండి వాటన్నిటినీ కాపీ చేసుకోవాలనుకునేవాళ్లకు, అనేక టెరాబైట్ల డిస్క్‌లు పెట్టాల్సినవాళ్లకు. అప్పుడు కూడా దాన్ని పాట వినే గదిలో పెట్టకండి. వేరే గదిలో సర్వర్‌గా ఉంచి, నెట్‌వర్క్ కేబుల్ లాగి, ఆంప్లిఫయర్ పక్కన పై బోర్డు ఒకటి పెట్టండి. పెద్ద డిస్క్‌ల గురగుర అక్కడే ఉంటుంది, సంగీతం ఇక్కడికి వస్తుంది. స్తోమత ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

హై-రెజ్ కోసం ఖర్చు పెట్టాలా?

సీడీ ప్రమాణం 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అది 22 కిలోహెర్ట్జ్ వరకు శబ్దాన్ని పట్టుకోగలదు, మన చెవికి 20 దాటితే వినపడదు, వయసుతో ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు జరిపిన పరీక్షలో హై-రెజ్ శబ్దాన్నీ, దాన్నే సీడీ స్థాయికి దించిన శబ్దాన్నీ 554 సార్లు మార్చి వినిపించారు. సరైన జవాబులు దాదాపు సగం, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. 2016లో జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూస్తే 52.3 శాతం వచ్చింది. తేడా అసలు లేదనలేం, కానీ అది ఎంత సన్ననిదో ఆ అంకే చెబుతోంది. ఇప్పటి డ్యాక్‌లు దాదాపు అన్నీ ఎలాగూ హై-రెజ్ తీసుకుంటాయి, కాబట్టి దానికోసం ప్రత్యేకంగా మెషీన్ మార్చక్కర్లేదు.

మన పాత సినిమా పాటల విషయంలో ఇది మరీ నిజం. 1950లు, 60ల్లో మోనోలో రికార్డయిన పాటను 192 కిలోహెర్ట్జ్‌లో అమ్మినా అందులో లేనిది రాదు. అక్కడ చూడాల్సింది ఏ విడుదల అన్నది. హిస్ (పాత టేపులో వచ్చే సర్రుమనే శబ్దం) తీసేస్తామని గొంతులోని గాలి కూడా తీసేసిన కాపీలున్నాయి, ఉన్నదున్నట్టు ఉంచిన పాత సీడీలున్నాయి. తంబూరా మోత సహజంగా వినిపించే కాపీ 16 బిట్లదైనా దాన్నే ఉంచుకోండి.

గది సంగతి కూడా. మన హాళ్లలో నేలకు టైల్స్, గోడలకు నున్నటి పెయింట్, ఓ పక్కంతా అద్దాలు. చప్పట్లు కొడితే ఖంగుమంటుంది. నేల మీద మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన కర్టెన్లు, స్పీకర్ల వెనక కాస్త ఖాళీ ఉంటే వచ్చే మార్పు ఏ డ్యాక్ మార్చినా రాదు. అప్పటికీ బేస్ ఒకచోట గుమ్మంటుంటే, కొలిచే మైకు ఒకటి కొని, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గదిని కొలిచి, ఆ సవరణను మూడ్ ఆడియోలో ఉన్న, శబ్దాన్ని సవరించే కామిల్లా డీఎస్‌పీలో ఎక్కించొచ్చు. పై 4 ఆ పనిని సునాయాసంగా మోస్తుంది. సొంతంగా కంప్యూటర్ పెట్టుకోవడంలో ఉన్న అసలైన లాభాల్లో ఇదొకటి.

సీడీల్ని ఫైళ్లుగా మార్చుకునేటప్పుడు

ఫ్లాక్ ఫార్మాట్‌లోకే మార్చండి. అంకె ఒక్కటి పోకుండా సైజు సుమారు సగానికి తగ్గుతుంది. ఒక సీడీ 300 నుంచి 400 మెగాబైట్లు అనుకుంటే, 1 టెరాబైట్‌లో 2,500 నుంచి 3,300 సీడీల దాకా పడతాయి. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడితే, మీ కాపీని అదే సీడీని కాపీ చేసుకున్న ఇతరుల ఫలితాలతో పోల్చి సరిగా వచ్చిందో లేదో చెబుతుంది. ఎంపీ3 వద్దనడానికి ఇంకో కారణం కచేరీలు. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉన్న సీడీలో ట్రాకు మారేచోట తంబూరా ఆగకూడదు. ఎంపీ3లో ట్రాకు మొదట్లో, చివర్లో కొంత ఖాళీ చేరుతుంది, చాలా ప్లేయర్లలో అక్కడ పాట ఒక్క క్షణం తెగినట్టు వినిపిస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ముందు ఇలాంటి సీడీతోనే పరీక్షించండి.

ట్యాగులు, అంటే ఫైల్‌లోనే ఉండే గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాలు, మొదటిరోజు నుంచే ఒక పద్ధతిలో రాయండి. సుశీల గారి పాటలు ఒక సీడీలో పి. సుశీల అని, ఇంకోదాంట్లో ఇనిషియల్ లేకుండా, మరోదాంట్లో ఇంగ్లిష్‌లో వేరే స్పెల్లింగ్‌తో ఉంటే ప్లేయర్ వాటిని ముగ్గురు గాయనుల పాటలుగా చూపిస్తుంది. ఘంటసాల గారికీ, బాలమురళీకృష్ణ గారికీ అంతే. తెలుగు లిపిలో రాసినా ఫ్లాక్‌లో ఇబ్బంది లేదు, ఇప్పటి సాఫ్ట్‌వేర్లన్నీ చూపిస్తాయి. కాకపోతే ఫోన్‌లో వెతికేటప్పుడు ఇంట్లోవాళ్లు ఏ లిపిలో టైప్ చేస్తారో అదే పెట్టండి. సినిమా పాటలకు సంగీత దర్శకుడి పేరు కంపోజర్ గడిలో, గాయకుల పేర్లు ఆర్టిస్ట్ గడిలో, సినిమా పేరు ఆల్బమ్ గడిలో వేస్తే ఏ వైపు నుంచి వెతికినా దొరుకుతాయి. ట్యాగులు పూర్తవగానే మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను వేరే ఇంట్లో ఉంచండి.